తప్పు చెయ్యని అమ్మాయి, తప్పు పట్టే ఊరు: మరుగున పడ్డ స్క్రూబాల్ కామెడీల కథ

న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూ మీద ఒక డబుల్ డెక్కర్ బస్సు వెళ్తోంది. దానికి పైన కప్పు లేదు. మేరీ స్మిత్ అనే అమ్మాయి పై అంతస్తులో కూర్చుని ఆఫీసుకి వెళ్తోంది. ఉన్నట్టుండి ఆకాశంలోంచి ఒక బొచ్చు కోటు ఆమె నెత్తిన పడుతుంది. టోపీకి ఉన్న ఈక కాస్తా విరిగిపోతుంది. వెనక ఎవరో కావాలని విసిరారనుకుని ఆమె గిర్రున తిరుగుతుంది. వెనక సీట్లో తలపాగా చుట్టుకున్న ఒకాయన పుస్తకం చదువుకుంటున్నాడు. ఏమిటీ పని అని నిలదీస్తే ఆయన ఒక్క మాటే అంటాడు: "కిస్మత్!"

1937లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఈజీ లివింగ్’లో అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ కోటు ఖరీదు 58,000 డాలర్లు. జె.బి. బాల్ అనే పెద్ద బ్యాంకర్ భార్య దాన్ని కొనుక్కుంది. ఆయనకి ఒళ్లు మండి, మేడ మీంచి కిందికి విసిరేశాడు. మేరీ నిజాయితీపరురాలు. కోటు తిరిగి ఇచ్చేద్దామని వెళ్తుంది. ఆయన కోటు నువ్వే ఉంచుకో అంటాడు, పాడైన టోపీకి బదులు కొత్తది కొనిపెడతానని షాపుకి తీసుకెళ్తాడు. షాపులో మనిషి చూశాడు: వయసు మళ్లిన కోటీశ్వరుడు, వయసులో ఉన్న అమ్మాయి, ఒంటి మీద ఖరీదైన కోటు. ఇంకేం కావాలి? ఆమె బాల్ గారి చిన్నిల్లు అని ఊరంతా పాకిపోతుంది. ఆ సంగతి తెలియంది మేరీకి ఒక్కదానికే.

నేను ఈ సినిమా చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది. స్క్రూబాల్ కామెడీ అనే 1930ల హాలీవుడ్ హాస్య బాణీ గురించి పుస్తకాల్లో, టీవీ కార్యక్రమాల్లో మనకి చెప్పే నిర్వచనం దీనికి సరిగ్గా సరిపోదు. డబ్బున్న అమ్మాయి, పొగరుబోతు అబ్బాయి, ఇద్దరికీ క్షణం పడదు, గడగడా మాట్లాడుకుంటారు, చివరికి పెళ్లి చేసుకుంటారు. మామూలుగా చెప్పే లెక్క ఇదీ. 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ ఈ లెక్కకి మూలం. ఆ సినిమాకి ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే ఆస్కార్‌లు ఐదూ ఒక్కసారే వచ్చేసరికి, తర్వాత ఎవరు స్క్రూబాల్ అన్నా దాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. హిందీలో ‘చోరీ చోరీ’ నుంచి ‘దిల్ హై కే మాన్తా నహీఁ’ దాకా మన దేశానికి చేరింది కూడా ఆ కథే. అందుకే పేరున్న నాలుగైదు సినిమాలు చూసి ఊరుకున్నవాళ్లకి ఈ బాణీలో సగమే తెలుస్తుంది. రెండో సగం అంతగా పేరు రాని సినిమాల్లో ఉంది. ఆ సగంలో మళ్లీ మళ్లీ కనిపించేది ఒకటే: ఏ తప్పూ చెయ్యని ఒక అమ్మాయి, ఆమె తప్పు చేసిందని గట్టిగా నమ్మేసిన ఊరు.

ముందు ఆ పేరు సంగతి. స్క్రూబాల్ అనేది బేస్‌బాల్ మాట. మామూలు వంపు బంతి ఏ వైపు తిరుగుతుందో దానికి ఎదురు దిక్కుకి తిరిగే బంతి. మన క్రికెట్‌లో గూగ్లీ లాంటిదనుకోండి. కార్ల్ హబుల్ అనే బౌలర్ 1934 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఈ బంతితోనే బేబ్ రూత్ సహా ఐదుగురు మహామహుల్ని వరసపెట్టి ఔట్ చేశాడు. తిక్క మనిషిని కూడా ఆ రోజుల్లో స్క్రూబాల్ అనేవాళ్లు. ఆ మాట సినిమాలకి అంటుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అదే 1934లో ఇంకొకటి జరిగింది. హాలీవుడ్ నిర్మాతలు 1930లోనే తమకి తాము ఒక నియమావళి రాసుకున్నారు. దాన్నే ప్రొడక్షన్ కోడ్ అంటారు. నాలుగేళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చర్చిల నుంచి ఒత్తిడి పెరిగాక, 1934 జూలై నుంచి జోసెఫ్ బ్రీన్ అనే ఆయన దగ్గర ముద్ర వేయించుకోకుండా సినిమా విడుదల చేస్తే 25,000 డాలర్ల జరిమానా అన్నారు. వివాహేతర సంబంధాన్ని ఆకర్షణీయంగా చూపించకూడదు, తప్పు చేసినవాళ్లకి శిక్ష పడకుండా కథ ముగించకూడదు. ఇలాంటివి చాలా ఉన్నాయి.

దీనికి రచయితలు ఏం చేశారు? చాలామంది చెప్పే జవాబు ఏమిటంటే, శృంగారాన్ని మాటల గొడవగా మార్చారని. అది నిజమే. కానీ నాకు అంతకన్నా తెలివిగా అనిపించేది ఇంకొకటుంది. వాళ్లు తప్పుని తెర మీంచి తీసేసి, తెర మీద ఉన్న మిగతా పాత్రల బుర్రల్లో పెట్టారు. ‘ఈజీ లివింగ్’లో కోటీశ్వరుడికి చిన్నిల్లు లేదు. ఉందని హోటల్ యజమాని అనుకుంటాడు, నగల వ్యాపారి అనుకుంటాడు, కార్ల కంపెనీ అనుకుంటుంది, షేర్ దళారి అనుకుంటాడు. సెన్సార్ ఎవరికి శిక్ష వెయ్యాలి? చెయ్యని తప్పుకి శిక్ష ఉండదు. చూసే మనం మాత్రం ఆ చెయ్యని తప్పు గురించే సినిమా అంతా నవ్వుకుంటాం.

దీనికి ఇంకొక పార్శ్వం ఉంది, అది డబ్బు. 1933లో అమెరికాలో పనిచేసేవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. 1937 నాటికి కాస్త తేరుకుంటున్నారనుకునేలోపు ఆ ఏడాది చివర్లో మార్కెట్ మళ్లీ కూలింది. ఇవన్నీ తెలిసిన ప్రేక్షకులు థియేటర్లో కూర్చున్నారు. వాళ్ల ముందు మేరీ ఉద్యోగం ఎలా పోయిందో చూడండి. ఆమె పనిచేసేది మగపిల్లల పత్రిక ఒకదాంట్లో. ఒంటి మీద ఆ కోటు చూసి పైవాళ్లకి ఆమె నడవడిక మీద అనుమానం వస్తుంది, అంతే, తీసేస్తారు. గదికి వచ్చి చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. పందిపిల్ల బొమ్మ ముంతలో దాచుకున్న చిల్లర మిగిలింది. దాన్ని పగలగొట్టే ముందు ఆ బొమ్మ కళ్లకి గుడ్డ కడుతుంది. ఆ పాత్ర ఎలాంటిదో చెప్పడానికి ఇంకే డైలాగూ అక్కర్లేదు. మేరీగా వేసిన జీన్ ఆర్థర్ దాన్ని ఎక్కడా అతి చెయ్యకుండా, నిజంగానే ఆ బొమ్మ బాధపడుతుందేమో అన్నట్టు చేస్తుంది.

సరిగ్గా అప్పుడే ఒక హోటల్ యజమాని ఆమెని పిలిచి తన హోటల్లో అన్నిటికన్నా పెద్ద సూట్ ఇచ్చేస్తాడు. అతను బాల్ గారి బ్యాంకుకి బాకీ ఉన్నాడు. బాల్ గారి మనిషి తన హోటల్లో ఉంటే ఆయన దాన్ని జప్తు చెయ్యడని అతని ఆశ. మేరీకి ఇదేమీ తెలియదు. రాజభవనం లాంటి గదులు, పెద్ద స్నానాల తొట్టి, అన్నీ ఉన్నాయి, తినడానికి మాత్రం ఏమీ లేదు. చేతిలో ఉన్న చిల్లరతో ఆటోమాట్‌కి వెళ్తుంది.

ఆటోమాట్ అంటే మనకి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. హార్న్ అండ్ హార్డార్ట్ అనే సంస్థ 1902లో ఫిలడెల్ఫియాలో, 1912లో న్యూయార్క్‌లో ఇలాంటి హోటళ్లు పెట్టింది. గోడ నిండా చిన్న చిన్న అద్దాల తలుపుల అరలు, ఒక్కో దాని వెనక ఒక్కో తిండి పదార్థం. ఐదు సెంట్ల నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. చేతిలో అణా కాణీ ఉన్న గుమాస్తాలు, టైపిస్టులు తినే చోటు. అక్కడ బల్లలు తుడిచే కుర్రాడు ఎవరనుకున్నారు, బాల్ గారి కొడుకే. తండ్రి మీద పంతంతో సొంతంగా బతకాలని వచ్చాడు. ఆ అమ్మాయికి దొంగచాటుగా తిండి పెట్టబోయి, కాపలావాడితో పెనుగులాటలో తలుపులన్నీ ఒకేసారి తెరిచే మీట మీద పడతాడు. గోడ మొత్తం తెరుచుకుంటుంది. తిండి ఉచితం అన్న కేక వీధిలోకి పాకుతుంది. పస్తులున్న జనం లోపలికి తోసుకొస్తారు. పళ్లేలు ఎగురుతాయి, మనుషులు జారిపడతారు, ఒకరి మీద ఒకరు పడతారు. ఆ గందరగోళం మధ్యలో మేరీ తన పళ్లెం ముందు కూర్చుని శాంతంగా తింటూ ఉంటుంది.

ఆ సీన్‌కి నేను పగలబడి నవ్వాను. తర్వాత నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ జనం ముఖాలు. వాళ్లు తమాషా కోసం రాలేదు, ఆకలితో వచ్చారు. స్క్రూబాల్ సినిమాల్ని డబ్బున్నవాళ్ల వెర్రి చేష్టలుగా చూపించే వ్యాసాలు చదివినప్పుడల్లా ఈ సీన్ గుర్తొస్తుంది.

ఇదే అల్లిక 1936 నాటి ‘థియొడోరా గోస్ వైల్డ్’లో పల్లెటూరి వేషంలో కనిపిస్తుంది. థియొడోరా లిన్ కనెక్టికట్‌లోని ఒక చిన్న ఊళ్లో ఇద్దరు మేనత్తల పెంపకంలో పెరిగింది. చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. మారుపేరుతో ఒక ఘాటైన నవల రాసింది, అది దేశమంతా అమ్ముడుపోతోంది. ఊరి పత్రిక ఆ నవలని సీరియల్‌గా వేస్తే, పెద్దింటి ఆడవాళ్లంతా కూర్చుని దాన్ని బయటికి చదివి వినిపించుకుని మరీ ఖండిస్తారు. ఆ ఆడవాళ్ల ముఖాల్ని చూడాలి. నవలకి బొమ్మలు గీసిన మైఖేల్ ఆమె గుట్టు పట్టుకుని ఆమె ఊళ్లోకే వచ్చేస్తాడు, నువ్వు ఈ ఊరి సంకెళ్లు తెంచుకోవాలి అని పాఠాలు చెబుతాడు. ఆమె తెంచుకుని న్యూయార్క్ వెళ్తే తెలుస్తుంది, తన తండ్రి రాజకీయ పదవి కోసం మైఖేలే ఇష్టం లేని పెళ్లికి కట్టుబడి ఉన్నాడని. ఇక్కడి నుంచి సినిమా తిరగబడుతుంది. ఆమె తనకి లేని చెడ్డపేరు కావాలనే కొని తెచ్చుకుంటుంది, ఆయన ఇంట్లో మకాం వేసి పేపర్లవాళ్లని పిలుస్తుంది. చివర్లో తళుకుబెళుకు బట్టలతో, చంకన ఒక పసిబిడ్డతో సొంతూళ్లో రైలు దిగుతుంది. ఊరంతా స్టేషన్లోనే ఉంది. ఆ బిడ్డ ఆమె బిడ్డ కాదు. ఊరికి మాత్రం ఆ క్షణంలో వేరే ఆలోచన రాదు. ఐరీన్ డన్ ఈ పాత్రకి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది.

పసిబిడ్డ అంటే ‘బాచిలర్ మదర్’ దగ్గరికి రాక తప్పదు. 1939, దర్శకుడు గార్సన్ కానిన్, నాయిక జింజర్ రోజర్స్. నా లెక్కలో ఈ బాణీలో ఇంత బిగువుగా రాసిన కథ ఇంకొకటి లేదు. పాలీ అనే అమ్మాయి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో బొమ్మల విభాగంలో పనిచేస్తుంది. క్రిస్మస్ రద్దీకి పెట్టుకున్నవాళ్లని ఇక తీసేస్తున్నారు, ఆమెకీ నోటీసు వచ్చింది. భోజనం వేళ బయటికి వెళ్తే, అనాథాశ్రమం మెట్ల మీద ఎవరో ఒక పసివాణ్ని వదిలి వెళ్లిపోవడం చూస్తుంది. బిడ్డ దొర్లి పడిపోతాడేమోనని ఎత్తుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఆశ్రమం తలుపు తెరుచుకుంటుంది.

అంతే. నా బిడ్డ కాదు అని ఆమె చెబుతుంది. ఒకసారి కాదు, చాలాసార్లు చెబుతుంది. ఎవరూ వినరు. గమనించాల్సింది ఏమిటంటే, వినని వాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లు. ఆశ్రమం వాళ్లు ఆమెని తిట్టరు, ఓదారుస్తారు. పాపం భయపడుతోంది అనుకుంటారు. ఉద్యోగం పోతుంటే బిడ్డనేం పెంచుతుందని స్టోర్ యజమాని కొడుకు డేవిడ్ దగ్గరికి వెళ్లి మాట్లాడతారు. అతను ఉద్యోగం తిరిగి ఇప్పించి, జీతం పెంచి, క్రిస్మస్ కానుకగా ఆ బిడ్డని ఆమె ఇంటికే పంపిస్తాడు. నిజం చెబితే ఉద్యోగం పోయేలా ఉంది, జనం నమ్మిన అబద్ధం ఆమెకి అన్నం పెడుతోంది. మాంద్యం రోజుల్లో ఇంతకన్నా సూటిగా ఏ సినిమా మాట్లాడిందో నాకు తెలియదు.

ఈ సినిమాల్లో మాటలు ఎందుకంత వేగంగా ఉంటాయో కూడా నాకు ఇక్కడే అర్థమైంది. అది ఊరికే స్టైల్ కాదు. పాలీ ఒక వాక్యం పూర్తి చేసేలోపు ఎదుటివాళ్లు రెండు వాక్యాలు అనేస్తారు. నిజానికి తన వంతు రాదు. అందరూ నింపాదిగా మాట్లాడుకుంటే కథ పది నిమిషాల్లో అయిపోయేది.

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మకి ఈ సినిమా చూపించాను. పక్కన కూర్చుని డైలాగులు తెలుగులో చెబుతూ పోయాను. డేవిడ్ పిల్లల పెంపకం పుస్తకం ఒకటి పట్టుకొచ్చి, అందులో రాసిందని పిల్లాడి బొడ్డు మీద ఉడికించిన పిండి పట్టు వెయ్యమంటాడు. తీరా చూస్తే పుస్తకంలో రెండు పేజీలు అతుక్కుపోయాయి. అక్కడ అమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత డేవిడ్ తండ్రి ఆ పిల్లాణ్ని చూసి తన మనవడే అనుకుంటాడు. కాదని ఎంత చెప్పినా వినడు. తండ్రి ఎవరైనా సరే, తాతని మాత్రం నేనే అని పట్టు పడతాడు. ఆ తండ్రి వేషం వేసిన చార్లెస్ కోబర్న్ ఆ మాట అనగానే అమ్మ నవ్వడం ఆపేసింది. "ఆయనకి మనవడు కావాల్రా, పాపం. ఎవరి పిల్లాడైతే ఏం" అంది. నేను అనువాదం చెయ్యని సంగతి అది.

ఇంత మంచి సినిమాలు ఎందుకు మరుగున పడ్డాయి? మంచివి నిలుస్తాయి, మిగతావి పోతాయి అనుకుంటాం. పాత సినిమాల విషయంలో అది అస్సలు నిజం కాదు. ఈ రోజు అందరూ మెచ్చుకునే ‘బ్రింగింగ్ అప్ బేబీ’ 1938లో నష్టపోయింది. తర్వాత టీవీలో పదే పదే వేయబట్టి దానికి పేరొచ్చింది. ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రీ’, ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ సినిమాల కాపీరైట్‌ని సమయానికి పొడిగించలేదు. అందుకని ఎవరు పడితే వాళ్లు వాటిని టీవీల్లో, క్యాసెట్లలో, ఇప్పుడు యూట్యూబ్‌లో ఉచితంగా వేసుకున్నారు. పారామౌంట్ వాళ్లు తమ పాత సినిమాల్లో సుమారు 700 సినిమాల్ని 1958లో ఎమ్‌సీఏ అనే సంస్థకి అమ్మేశారు. అవి తర్వాత యూనివర్సల్ చేతికి వెళ్లాయి. తీసిన స్టూడియోకి వాటి మీద హక్కు లేదు, హక్కున్న స్టూడియోకి అవి సొంత పిల్లలు కావు. ‘ఈజీ లివింగ్’ ఆ కట్టలోదే.

దర్శకుల విషయంలోనూ అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. ‘ఈజీ లివింగ్’, ‘మిడ్‌నైట్’ రెండూ తీసింది మిచెల్ లీసన్. ఆయన దర్శకుడు సెసిల్ బి. డిమిల్ దగ్గర దుస్తులు, సెట్‌లు డిజైన్ చేస్తూ పైకొచ్చిన మనిషి. మొదటిదానికి ప్రెస్టన్ స్టర్జెస్, రెండోదానికి చార్లెస్ బ్రాకెట్, బిల్లీ వైల్డర్ రాశారు. స్టర్జెస్, వైల్డర్ తర్వాత తామే గొప్ప దర్శకులయ్యారు, తమ స్క్రిప్ట్‌లని లీసన్ పాడుచేశాడని గట్టిగానే చెప్పుకున్నారు. విమర్శకులు వాళ్ల మాటే రాసుకున్నారు. ఒక్కసారి ఆటోమాట్ సీన్‌ని, ఆ హోటల్ సూట్ సెట్‌ని చూసినవాళ్లకి ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. ఆకలితో ఉన్న అమ్మాయి చుట్టూ అంత పెద్ద ఖాళీ గదులు పెట్టి ఆ ఆకలిని చూపించడం డిజైనర్ కన్ను ఉన్నవాడికే తడుతుంది.

‘మిడ్‌నైట్’ (1939) ఈ అల్లికని తిరగేసి కుడుతుంది. ఈవ్ పీబడీ అనే అమెరికన్ అమ్మాయి వానలో పారిస్ స్టేషన్‌లో దిగుతుంది. ఒంటి మీద బంగారు రంగు విందు గౌను తప్ప చేతిలో సంచి కూడా లేదు. ఒక గొప్పింటి సంగీత కచేరీలోకి ఆహ్వాన పత్రిక బదులు తాకట్టు కొట్టు రసీదు ఇచ్చి దూరిపోతుంది. ఆ తర్వాత బారొనెస్ అని చెప్పుకుని పెద్దింటివాళ్ల మధ్య తిరుగుతుంది. ఇక్కడ అబద్ధం ఆడేది ఆమే, నమ్మేది ఊరు. ఆమె కోసం వెతికే టాక్సీ డ్రైవర్‌కి ఆమె ఎవరో తెలుసు. మన ‘మిస్సమ్మ’ (1955) ఈ వరసకి దగ్గర. దానికి మూలం బెంగాలీ నాటకం, హాలీవుడ్‌తో సంబంధం లేదు. కానీ ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్లాలమని చెప్పుకుని ఊరిని నమ్మించడం, ఆ అబద్ధం లోపల అసలైన ఇష్టం పుట్టడం, ఇవి రెండు చోట్లా ఒకే రకం అవసరంలోంచి వచ్చాయి. ‘మిస్సమ్మ’ని ఇష్టపడేవాళ్లకి ‘మిడ్‌నైట్’ పరాయిగా అనిపించదు.

ఇంకొకటి చెప్పి తీరాలి. 1943లో జార్జ్ స్టీవెన్స్ తీసిన ‘ద మోర్ ద మెరియర్’. యుద్ధ కాలంలో వాషింగ్టన్‌లో ఇళ్లు దొరకక ఒక అమ్మాయి తన చిన్న ఇంట్లో సగం అద్దెకి ఇస్తుంది. వచ్చిన పెద్దాయన ఆమెకి చెప్పకుండా తన సగంలో సగం ఒక కుర్రాడికి ఇచ్చేస్తాడు. పల్చటి గోడకి అటూ ఇటూ ఎవరి మంచం మీద వాళ్లు పడుకుని చీకట్లో మాట్లాడుకునే సీన్ ఒకటుంది. కెమెరా గోడని మధ్యలో పెట్టి ఇద్దరినీ పక్కపక్కనే చూపిస్తుంది. సెన్సార్‌కి అభ్యంతరం లేకుండా మధ్యలో గోడ ఉంది. ఒకే ఇంట్లో ఉంటున్నారన్న సంగతి బయటపడ్డాక, ఏమీ జరగకపోయినా పేపర్లో పడకముందే పెళ్లి చేసుకోవాల్సి వస్తుంది. మళ్లీ అదే ఊరు, అదే అనుమానం.

వీటిలో లోపాలు లేవని నేను చెప్పను. నల్లజాతి వాళ్లు రైల్లో కూలీలుగానో ఇంట్లో పనివాళ్లుగానో తప్ప కనిపించరు. బస్సులో ఆ తలపాగా మనిషిని కూడా ఒక్క మాట కోసం అలంకారంలా వాడుకున్నారు. పేదమ్మాయి కష్టాలు కోటీశ్వరుడి కొడుకుతో పెళ్లయ్యి తీరిపోవడం చాలా కథల్లో సులువైన దారి. చూసేటప్పుడు ఇవి నన్ను ఇబ్బంది పెడతాయి, పెట్టాలి కూడా.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మొహమాటపడక్కర్లేదు. మొదటిసారి సగం మాటలు జారిపోతాయి. పెద్ద తారల్ని కాసేపు పక్కనపెట్టి చిన్న పాత్రల్ని గమనించండి: ఫ్రాంక్లిన్ పాంగ్‌బోర్న్ లాంటి షాపువాడు, లూయిస్ ఆల్బెర్నీ లాంటి హోటల్ యజమాని. ఊరు అనే పాత్ర వాళ్లే. వాళ్ల కనుబొమ్మ పైకి లేచినప్పుడల్లా నాయిక జీవితం ఒక మెట్టు ఎక్కుతుంది, లేదా ఒక మెట్టు దిగుతుంది.

మొదట ‘బాచిలర్ మదర్’ చూడమంటాను. దాని ముగింపు నాకు ఎంతో ఇష్టం. డేవిడ్ పెళ్లి చేసుకుందామంటాడు. బిడ్డ ఆమెదేనని అప్పటికీ నమ్ముతున్నాడు, అయినా ఆమే కావాలి అతనికి. ఇంకా నేనే వీడి తల్లిననుకుంటున్నావా అని పాలీ అడుగుతుంది. అవును, మరి అంటాడు. ఆమె నిజం చెప్పడం ఇక మానేస్తుంది. అతని ముఖంలోకి చూసి "హా హా" అంటుంది, సినిమా అయిపోతుంది.